మొయినాబాద్ ల్యాబులో ఏ మందూ తగలని చర్మం

మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే నాకు, మనిషి చర్మాన్ని గిన్నెలో పెంచుతారని అక్కడి ల్యాబులో పనిచేసే స్నేహితురాలు లావణ్య చెబితే నమ్మబుద్ధి కాలేదు. "వచ్చి చూడరాదూ" అంది. శనివారం ఎనిమిదింటికి మెహిదీపట్నంలో చేవెళ్ల బస్సెక్కాను. గంటలో మొయినాబాద్. అక్కడి నుంచి పక్కనే ఉన్న హిమాయత్‌నగర్ ఊరి వైపు షేర్ ఆటో. ల్యాబు పేరు చెబితే డ్రైవర్, "గా తోలు పెంచే కంపెనీయా అక్కా? జర లోపలికి జరుగు" అన్నాడు.

చిన్న గిన్నెల్లో గోరంత తెల్లటి పొరలు. ఆపరేషన్లలో తీసేసిన చర్మాన్ని ఇష్టపడి ఇచ్చినవాళ్ల కణాలతో పెంచారట. మనిషి లేడు, చర్మం బతికే ఉంది. రసాయనాలు తగిలితే జన్యువులు దెబ్బతింటాయా అని దీనిమీద చూస్తారు. అయితే ముందు ఈ చర్మం చెప్పేది నమ్మొచ్చో లేదో తేలాలి. అందుకే పేర్లు చెరిపేసిన ఒకే రకం రసాయనాల సీసాలు మూడు ల్యాబులకు వెళ్లాయి. మూడింట్లోనూ ఒకటే జవాబు రావాలి. ఈ పని కోసమే లావణ్య మూడు నెలల పాపను చేవెళ్లలో అత్తగారి దగ్గర వదిలి డ్యూటీలో చేరింది.

"ఇది ఏ మందూ వెయ్యని చర్మం. కణాలు గుండ్రంగ కనవడాలె. లోపల జన్యువు దెబ్బ తింటే తెగిన ముక్కలు తోకలెక్క బయటికొస్తయి" అంటూ మైక్రోస్కోపులోకి చూసిన లావణ్య, ఇంకో స్లైడు పెట్టి మళ్లీ చూసి నన్ను పిలిచింది. నేనూ చూశాను. అన్నిటికీ తోకలే. ఏమీ తగలని చర్మం పాడవడమేమిటి?

లావణ్య కేకకు ల్యాబు పెద్దసారు పరుగున వచ్చి, నిన్న ఈ గదిలో ఏం జరిగిందని అడిగాడు.

"ఏం లేదు సార్. కొత్త మిషన్‌కు పూజ చేసినం గద. సాంబ్రాణి నేనే వేసిన" అంది లావణ్య.

ఆయన గోడ పక్కనున్న పెట్టె చూపించాడు. చర్మం పెరిగే పెట్టెలోకి పోయేదీ ఆ గది గాలేనట.

"పొగవల్లేనంటావా?" అన్నాను.

"ఏమో. పొగ లేకుండ మల్ల చేస్తెగాని చెప్పలేం. ఈ చర్మం మాట నమ్మచ్చా లేదా అనేదే ఇంక తేలలె" అంటూనే లావణ్య ఇంటికి ఫోన్ చేసింది. "అత్తమ్మా, పాపకు స్నానం చేపించినవా? ఇయ్యాల సాంబ్రాణి పట్టకు."

అవతలి గొంతు నాకూ వినిపించింది. "ఇప్పుడే పట్టిన బిడ్డా. మంచిగ పండుకున్నది."

తిరుగు బస్సులో కూడా ఆ షాక్ వదల్లేదు. మా అమ్మ నాకూ పట్టింది, ఏమీ కాలేదు కదా అని సర్దిచెప్పుకోబోయాను. ఏమీ కాలేదని ఎవరు చూశారు? అదే ఇప్పటికీ తొలుస్తోంది. మీరూ వెళ్లాలనుకుంటే ముందే అనుమతి అడగండి. ఆ పొద్దున ఇంట్లో అగరొత్తి వెలిగించకుండా బయల్దేరండి.