ఓబులమ్మ చెయ్యి

ఒక మాట ఉంది. దాన్ని మోస్తూనే ఇన్నేళ్లూ తిన్నాను, మోస్తూనే నిద్రపోయాను, మోస్తూనే ఎంతోమంది ఆడపిల్లలకు సూది పట్టడం నేర్పాను. దించుకుందామని నోరు తెరిచినప్పుడల్లా ఎదురుగా ఎవరో ఒకరు ఉండేవారు. వాళ్ల ముఖం చూడగానే వంటపనో, వడ్డనపనో గుర్తుకొచ్చినట్టు లేచిపోయేదాన్ని. మీ ముఖం నాకు కనపడదు. అందుకే మీకు చెబుతున్నాను. నా పేరు మాత్రం అడగొద్దు. చెబితే ధర్మవరంలో గుర్తుపట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. తప్పు చేయడానికి లేని సిగ్గు, పేరు చెప్పడానికి వచ్చిందా అంటారేమో. అనండి. నిజమే.

మాది హిందూపురం. మా ఇంట్లో చింతపండు పని. మండీ నుంచి కాయ వస్తే మా అమ్మ, అవ్వ, నేను కూర్చుని కొట్టి, పెంకు తీసి, గింజ తీసి తిరిగి పంపేవాళ్లం. గోళ్ల సందుల్లో నలుపు ఎంత తోమినా పోయేది కాదు. తలదువ్వుకున్నా పులుపు వాసన, అన్నం తిన్నా పులుపు వాసన. మా అవ్వ ఆ పని చేస్తూనే ముసలిదైపోయింది, మా అమ్మ అవుతోంది, తర్వాత వరస నాది. ఆ వరసలో కూర్చోనని చిన్నప్పుడే మనసులో ఒట్టు పెట్టుకున్నాను. నాయనను సాధించి సాధించి, అన్నం మానేసి, ఏడ్చి, చివరికి పెనుకొండలో నాగమ్మక్క దగ్గర పనికి చేరాను. పంతొమ్మిది వందల ముప్పైల మొదట్లో సంగతి ఇది. నాయన ఆ రోజు నుంచి మండీలో కనపడినవాళ్లందరికీ మా పాప పట్టుపని నేర్చుకుంటోందని చెప్పుకున్నాడు.

నాగమ్మక్క భర్త పోయిన మనిషి. కొండ కింద వీధిలో ఇల్లు. పట్టు రవికల మీద సూదితో పూలు కుట్టేది, నేతలో పోగు తెగిన చీరలను తెగినట్టే తెలియకుండా బాగుచేసేది. ధర్మవరం షావుకార్లు ఆమెకు రైల్లో మూటలు పంపేవారు. ఆమె దగ్గర నేర్చుకోవడమంటే ఆమె ఇంట్లో ఉండడమే. పొద్దున్నే నీళ్లు తోడాలి, వాకిలి ఊడవాలి, పాత్రలు తోమాలి, ఆ తర్వాతే సూది. మొదట చిరుగుగుడ్డ మీద నూలుదారం. అది కుదిరితే పట్టుదారం. జరీ ఆఖరుకు. జరీ దాకా వచ్చిన పిల్లకు ఇక జీవితాంతం తిండికి కరువు లేదని పేరు.

అప్పటికి ఆ మెట్టు దాకా వచ్చినవాళ్లం ఇద్దరమే. నేను, ఓబులమ్మ. ఆమెది నల్లమాడ పక్కన పల్లె, శనక్కాయ సేద్యం చేసుకునేవాళ్ల పిల్ల. నాకన్నా చిన్నది. నన్ను అక్కా అనేది. నవ్వు మొదలుపెడితే ఆపలేకపోయేది, నాగమ్మక్క చేత తిట్లు తిని మళ్లీ నవ్వేది. నేనంటే ప్రాణం. నాకూ ఆమె అంటే ఇష్టమే. ఈ మాట నమ్ముతారో లేదో తెలియదు. ఇష్టం లేని మనిషికి చెడు చేయడం వేరు. ఇష్టమైన మనిషికే చేశాను, అదే నాకు ఇప్పటికీ అంతుపట్టదు. నా కుట్టు చూసి నాగమ్మక్క “బాగుండాది” అనేది. ఓబులమ్మ కుట్టు చూసి ఏమీ అనేది కాదు, ఊరికే చాలాసేపు చూసేది. ఆ తేడా నాకు తెలుసు.

ఒకసారి ధర్మవరం షావుకారు ఒకాయన, జరీపనికి ఒక పిల్లను పంపమని కబురు చేశాడు. ఒక్క పిల్లనే. వాళ్ల ఇంట్లోనే ఉంచుకుని, పెద్ద పనివాళ్ల పక్కన కూర్చోబెట్టి, పూర్తిగా నేర్పిస్తారు. ఎవరిని పంపాలో తేల్చడానికి నాగమ్మక్క మా ఇద్దరికీ జరీపట్టీ కట్టింది.

ఆ పట్టీ సంగతి చెప్పాలి. కొందరి చేతి చెమట తగిలితే జరీలోని వెండి నల్లబడుతుంది. అలాంటి చేతిని నల్ల చెయ్యి అనేవాళ్లు. అది ఒంటి గుణమని, మందు లేదని, తల్లికి ఉంటే బిడ్డకూ వస్తుందని వాళ్ల నమ్మకం. అందుకని జరీ చేతికివ్వబోయే ముందు వేలెడు గుడ్డపట్టీ మీద జరీపోగు కుట్టి, జరీ ఒంటికి తగిలేలా లోపలికి తిప్పి, మణికట్టుకు కట్టేవారు. వారం పైన అలాగే ఉండాలి. స్నానానికి తప్ప విప్పకూడదు. మధ్యలో తిప్పి చూడకూడదు. ఎవరి పట్టీ ఎవరిదో తెలియడానికి అంచులో రంగుదారంతో ఒక ముడి. నాది ఎరుపు, ఓబులమ్మది పచ్చ.

ఓబులమ్మ తిప్పి చూడలేదు. చూడొద్దన్నారు కాబట్టి చూడలేదు, అంతే. నేను చూశాను. శుక్రవారం తలంటుకని ఇద్దరం పట్టీలు విప్పి కొయ్యకు తగిలించాం. నేను ముందు స్నానం చేసి వచ్చాను. ఓబులమ్మ లోపల నీళ్లు పోసుకుంటూ ఏదో పాడుకుంటోంది. నా పట్టీ తిప్పాను. నల్లగా, కాలిన వత్తిలాగా ఉంది. ఆమెది తిప్పాను. కట్టిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది.

ఆ నిమిషంలో నేనేమనుకున్నాను? ఎన్నోసార్లు తవ్వుకున్నాను. మా అవ్వ వేళ్లు కళ్ల ముందుకొచ్చాయా? నాయన మండీలో తల దించుకుని నిలబడడం కనపడిందా? ఇవన్నీ తర్వాత నేను కల్పించుకున్నవేమో. నిజానికి ఏమీ అనుకున్నట్టు గుర్తులేదు. పనివాళ్లం కాబట్టి సూది ఎప్పుడూ ఓణీ అంచుకు గుచ్చే ఉండేది. ఎర్రముడి ఊడదీశాను, పచ్చముడి ఊడదీశాను, దాని చోట ఇది, దీని చోట అది వేశాను. చెయ్యి వణకలేదు. నా జీవితంలో అంత శుభ్రమైన ముడి మళ్లీ వేయలేదు. ఓబులమ్మ తల తుడుచుకుంటూ వచ్చి, పచ్చముడి ఉన్న పట్టీ తీసుకుని, “కట్టక్కా” అని చెయ్యి చాపింది. నేనే కట్టాను.

మర్నాడే పట్టీలు విప్పినప్పుడు నాగమ్మక్క వాకిట్లో వెలుతురుకు పట్టి రెండూ తిప్పింది. పచ్చముడి చూసి నమ్మలేదు, మళ్లీ చూసింది. “నీ చెయ్యి ఇట్లుంటాదనుకోలేదే ఓబులమ్మా” అంది. ఓబులమ్మ ఆ పట్టీని చేతిలోకి తీసుకుంది. “ఇంకొక్కతూరి కట్టి చూడక్కా” అంది. మళ్లీ కడితే నేను దొరికిపోతాను. నాగమ్మక్క తల అడ్డంగా ఊపింది. చెయ్యి మారుతుందా, ఊరికే ఆశపెట్టుకోవద్దు అంది. అప్పుడు నేను ఓబులమ్మ వీపు నిమిరి ఓదార్చాను. నూలుపని ఉండనే ఉంది కదా అన్నాను. చూడండి ఎంత మంచిదాన్నో!

నూలు కుట్టుకు ఆ రోజుల్లో కూలి ఏముంటుంది? ఓబులమ్మను వాళ్ల నాయన వచ్చి తీసుకుపోయాడు. నేను ధర్మవరం రైలెక్కాను.

ధర్మవరంలో మొదట్లో నా చేతిని చూస్తే నాకే భయం. కుట్టిన పువ్వు మర్నాటికి మాడిపోతుందేమోనని వణికేదాన్ని. అక్కడ గోడకు సున్నం వేసేవాళ్ల చేతులు చెమట లేకుండా ఎండిపోయి ఉండడం చూసి, సుద్దపొడి చేతికి రాసుకోవడం మొదలుపెట్టాను. ఒళ్లో పొడిగుడ్డ, పక్కన సుద్ద. చేతులు తడి కాకుండా మాటిమాటికీ తుడుచుకుని రాసుకోవడం. జరీ నల్లబడలేదు. పిసరంత కూడా నల్లబడలేదు. పెద్ద పనివాళ్లు నా శుభ్రత చూసి మెచ్చుకున్నారు. నాకేమో తల తీసేసినట్టయింది. చిటికెడు సుద్దతో పోయే గుణానికి నేను ఒక పిల్ల బతుకు తీసి పారేశాను. ఆ రోజు నాగమ్మక్కకు నా పట్టీ నాదిగానే చూపించి ఉంటే ఏమయ్యేది? హిందూపురం పోయేదాన్ని. అంతే కదా. అంతే అని ఇప్పుడంటున్నాను. అప్పుడు అది అంతే కాదు.

పెళ్లయింది, పిల్లలు పుట్టారు, నాగమ్మక్క పోయింది. యుద్ధం వచ్చి జరీ దొరకని రోజుల్లో పాత చీరల చిరుగులు కలిపే రఫ్ఫు పని చేసి నెట్టుకొచ్చాను. యుద్ధం అయిపోయాక సొంతంగా ఇంట్లోనే పని పెట్టాను. పనికొచ్చే పిల్లలకు నేను పట్టీ కట్టలేదు. ఎందుకు కట్టలేదని ఎవరైనా అడిగితే, అదంతా పాత పద్ధతి అనేదాన్ని. అందరికీ సుద్దపొడి ఇచ్చేదాన్ని. అలా చేస్తే నా తప్పు కొంచెం కరుగుతుందనుకున్నానేమో. ఓబులమ్మకు ఒక కబురు పంపడం మాత్రం చేతకాలేదు.

ఆమే వచ్చింది. నలభైల చివర్లో ఒక మధ్యాహ్నం, పిల్లలు చట్రానికి బిగించిన గుడ్డ చుట్టూ కూర్చుని కుడుతుంటే, వాకిట్లో ఒక మనిషి, పక్కన ఒక ఆడపిల్ల.

“అక్కా, గుర్తుపట్టినావా? నేను, ఓబులమ్మ.”

“ఓబులమ్మా! యాడ నుంచి వస్తాండావే?”

“ఊరి నుంచే. మా మరిది పెండ్లి. చీర తీసుకుందామని వచ్చినాం. నీ పేరు చెప్తే పిల్లోళ్లు గూడా ఇల్లు చూపించిరి. ఎంత పెద్దదానివైపోయినావక్కా!”

ఆ గొంతులో కుళ్లు లేదు. అదే నవ్వు, కాకపోతే ఎండకు నల్లబడిన ముఖం మీద. నీళ్లిచ్చాను, బొరుగులు పెట్టాను. నా కళ్లు మాత్రం ఆ పిల్ల భుజానికున్న సంచి మీదే ఉన్నాయి. ముతకగుడ్డ మీద నూలుదారంతో శనక్కాయ తీగ కుట్టి ఉంది. ఆకు ఆకుకూ మధ్యలో ఈనె. ఎవరు కుట్టారని అడిగాను.

“ఇదే. గంగ. సూదంటే ప్రాణం దీనికి.”

ఊరికే చూస్తూ ఉండిపోయాను. ఆ పిల్ల నా చూపు పట్టుకుంది. తల్లికి వెరవకుండా అడిగేసింది.

“నన్ను పనికి పెట్టుకుంటావా పెద్దమ్మా?”

ఓబులమ్మ నవ్వింది. “సాల్లే. దీనిది గూడా నా చెయ్యే కదక్కా. నీకు తెల్దా! మా ఆడబిడ్డ పెండ్లిలో ముహూర్తం చీర నేను ముట్టనే లేదు. మంచి చీర నల్లబడితే ఎవురు మాట పడాల? దీనికీ చెప్పినా, జరీ కనపడితే చేతులు ఎనక్కి పెట్టుకోమని.”

“నాకు చెమటే పట్టదు పెద్దమ్మా. సూడు.”

రెండు అరచేతులూ నా ముందు చాపింది.

పనిపిల్లలందరూ సూదులు ఆపి చూస్తున్నారు. నేనేమన్నానో మీకు చెప్పడానికే ఇంతసేపూ ఇదంతా రాశాను.

“మీ అమ్మ చెప్పినట్టు విను పాపా” అన్నాను.

ఆ పిల్ల చేతులు వెనక్కి పెట్టుకుంది.

పెనుకొండలో చేసింది చిన్నపిల్ల భయంతో చేసిందని నన్ను నేను సమాధానపరచుకోగలను. చాలాసార్లు సమాధానపరచుకున్నాను. ఇది? అప్పటికి నాకు ఇల్లుంది, పేరుంది, అడ్డొచ్చేవాళ్లు లేరు. పోనీ నిజం ఒప్పుకోవాలన్నా భయమా? నిజం ఒప్పుకోవాల్సిన అవసరమే లేదు! మా దగ్గర ఆ పట్టీ పద్ధతి లేదు, పిల్లను వదిలిపెట్టు ఓబులమ్మా అంటే చాలు. అందరికీ ఇచ్చినట్టు ఆ పిల్లకూ చిటికెడు సుద్ద ఇస్తే చాలు. ఆ ఒక్క మాటకు నాకు ఖర్చేమిటి? ఏమీ లేదు. అయినా నోరు రాలేదు. ఆ పిల్ల రోజూ నా ఎదురుగా కూర్చుని, తల్లి కుట్టినట్టే కుడుతూ ఉంటే చూడలేననుకున్నానా? లేక, తల్లికన్నా, నాకన్నా పెద్ద పనిదవుతుందని కుళ్లుకున్నానా? ఆ వయసులో, పసిపిల్ల మీద! అబ్బా, తలుచుకుంటే నా మీద నాకే రోత పుడుతుంది.

పోయేటప్పుడు ఓబులమ్మ నా గడ్డం పట్టుకుని, “నువ్వన్నా బాగుపడినావక్కా, అదే నాకు సంతోషం” అంది. బస్సెక్కించి వచ్చి, తలనొప్పి అని చెప్పి పడుకున్నాను.

ఆ తర్వాత ఆమె రాలేదు. గంగకు పెళ్లయిందని, మొగుడి ఊర్లో కూలికి పోతోందని ఎవరో అన్నారు. నిజమో కాదో కనుక్కోలేదు. నల్లమాడకు బస్సులున్నాయి. బస్టాండు దాకా రెండుమూడు సార్లు పోయాను. మీరు వెళ్లమంటారు, తెలుసు. వెళ్లి క్షమించమంటే ఓబులమ్మ క్షమిస్తుంది కూడా, ఆమె మనసు అలాంటిది. గంగ ఏమంటుందో నాకు తెలియదు. ఆ పిల్ల క్షమించకపోతే అదే న్యాయం. తన బిడ్డలకు కూడా చేతులు వెనక్కి పెట్టుకోమని చెబుతూ ఉందేమో.

మీ దగ్గర నాకు క్షమాపణ అక్కర్లేదు. ఈ మాట ఒక్కసారి నా బయట ఉండాలి, అంతే. ఓబులమ్మ చెయ్యి మంచిది. గంగ చెయ్యి మంచిది. నా నోటితో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పాను.