గోడ పక్షాన భీమన్న

వంకర కనిపిస్తే భీమన్నకు ఒళ్లు మండేది. రూమ్‌లో ఎవరి చాప గోడకు వంకరగా ఉన్నా, దాన్ని సర్దితే గాని పడుకునేవాడు కాదు. జగిత్యాల వైపు నుంచి గల్ఫ్‌లోని రుస్తాఖ్ వచ్చి, టైల్స్ మేస్త్రీ మౌలాలి కింద ఏళ్లుగా సిమెంటు కలుపుతున్నా, తన చేతికి తాపీ రాలేదని దిగులు.

గోనూ తుఫాను పోయిన మరుసటి ఏడు ఆ అవకాశం వచ్చింది. యజమాని అర్బాబు, దుకాణం వెనకున్న పాత గోదామును పనివాళ్లకు నమాజు గదిగా మార్చమన్నాడు. నేల నువ్వే వెయ్యి, బాగా వస్తే నిన్ను మేస్త్రీని చేయమని అర్బాబును అడుగుతానన్నాడు మౌలాలి. భీమన్న ఆగుతాడా? మేస్త్రీనయ్యానని ఊళ్లో భార్య శాంతవ్వకు ఫోన్ కొట్టేశాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఆవిడ వాడంతా చాటేసింది.

శుక్రవారం మౌలాలి నేలమీద రంగు దారంతో గీతలు కొట్టి, వీటి వెంబడే వెయ్యమని చెప్పి మసీదుకు వెళ్లాడు. చూస్తే, గీతలన్నీ ఏటవాలుగా పోయి గోడను గుద్దుకుంటున్నాయి. పాపం, భాయ్‌కి చూపు తగ్గిందనుకున్నాడు భీమన్న. అర్బాబు చూస్తే ఆయన ఉద్యోగానికే ఎసరు. గుట్టుగా గీతలు తుడిచేసి, గోడకు సమాంతరంగా దారం కట్టి, సాయంత్రానికి సగం గది వేసేశాడు.

మౌలాలి వచ్చి గుమ్మంలోనే కూలబడ్డాడు.

"నీ గీతలు వంకరొచ్చినయ్ భాయ్. నేను ఎవ్వలికి చెప్పలే తీయ్," అని ఊరడించాడు భీమన్న.

"ఒరే, నమాజుకు నిలబడేది గోడ దిక్కుకు గాదురా, మక్కా దిక్కుకు. ఆ వరసలు గీసిన నేను."

భీమన్న తాపీ కింద పెట్టేశాడు. తాపీ పోయినట్టే, ఇక శాంతవ్వకు ఏ ముఖంతో ఫోన్ చేయాలి? అదృష్టం కొద్దీ సిమెంటు పచ్చిగానే ఉంది. మౌలాలి తిడుతూనే మళ్లీ గీతలు కొట్టాడు. ఇద్దరూ టైల్స్ పీకి ఏటవాలుగా వేశారు. గోడ దగ్గర ప్రతి టైలూ ఐమూలగా కోయాల్సి వచ్చింది. కోసినప్పుడల్లా భీమన్నకు ప్రాణం ఉసూరుమంది.

సిమెంటు ఆరాక అర్బాబు వచ్చి, పనివాళ్లతో కలిసి నమాజుకు నిలబడ్డాడు. గుమ్మం బయట నిలబడి భీమన్న చూశాడు. ఒక వరస వెనక ఇంకో వరస, ఎక్కడా ఎడం తగ్గలేదు, పెరగలేదు. నమాజయ్యాక నేల ఎవరు వేశారని అర్బాబు అడిగితే, ఇదిగో మా కొత్త మేస్త్రీ అని మౌలాలి చూపించాడు. అర్బాబు సరేనని తలూపి వెళ్లాడు.

కొత్త మేస్త్రీ మాత్రం నవ్వలేదు. మౌలాలిని పక్కకు లాగి, గొంతు తగ్గించి అన్నాడు: "భాయ్, గీతలు సక్కగనే ఉన్నయ్. గోడనే వంకరున్నది. కూలగొట్టి కడ్దమా?"