గుగ్గిలం మెత్తిన కన్నాలు

కృపాకర్‌కి కోపం ఎక్కువని అనకాపల్లి గవరపాలెంలో అందరూ అంటారు. ఎందుకొస్తుందో మాత్రం ఒక్కడూ అడగడు. గ్యాసు బండ తెచ్చినవాడి చేత సబ్బు నురగ రాయించి, బుడగలు రావట్లేదని చూసుకున్నాకే సంతకం పెడితే చాదస్తం. పన్నెండు మంది పిల్లల్ని కుక్కుకుని పోతున్న ఆటోకి అడ్డంగా నిలబడి ఆరుగురిని దింపిస్తే తగువులమారి. చర్చిలో కొత్తగా వేసిన ఫ్యాను ఊగుతోందని ప్రసంగం మధ్యలో లేచి ఆపేస్తే దైవభక్తి లేనివాడు. మన ఊళ్లో జాగ్రత్తగా ఉండేవాడికి ఉన్నన్ని పేర్లు దొంగకి కూడా లేవు.

ఇరవయ్యేళ్లు వైమానిక దళంలో మెకానిక్కుగా చేసి, సార్జెంటుగా రిటైరై, సొంతూరు అనకాపల్లి వచ్చి పడ్డాడు. అచ్యుతాపురం దాటి సముద్రం వైపు వెళితే అప్పట్లో కొత్తగా పెట్టిన విమాన పరిశోధన కేంద్రం ఒకటి ఉండేది. ఇద్దరు కూర్చునే చిన్న విమానాలకి కొత్త పరికరాలు బిగించి, ఎగరేసి, ఎలా పనిచేస్తున్నాయో కొలిచే చోటు. అక్కడ భద్రతకీ నాణ్యతకీ పెద్ద అతనే. పెద్ద అంటే మరేం లేదు, ఒక గది, ఒక బీరువా, ఇద్దరు సహాయకులు, అతను సంతకం పెడితేగాని ఏ విమానమూ నేల వదలకూడదన్న ఒక్క రూలు. ఆ ఒక్క రూలు కోసమే రోజూ పొద్దున్న ఆరున్నరకి కంపెనీ బస్సు ఎక్కేవాడు. ఒకసారి స్క్రూ ఒకటి వదులుగా ఉందని మూడు రోజులు విమానాన్ని కదలనివ్వలేదు. సంతకం అడిగితే కిడ్నీ అడిగినట్టు చూస్తాడని ఇంజినీర్లు నవ్వుకునేవారు.

రెండువేల ఏడు ఏప్రిల్లో ఒక గురువారం. ఢిల్లీ నుంచి పెద్దలు వస్తున్నారని షామియానా వేశారు, కుర్చీలకి తెల్లగుడ్డలు తొడిగారు. పదిన్నరకి విమానం ఎగరాలి. హాజరు పిలిచే ముందు కృపాకర్ ఎప్పటిలాగే విమానం ఒంటి మీద అరచేయి రాసుకుంటూ నడుస్తున్నాడు. ఎడమ పక్క, తలుపు వెనక, చెయ్యి ఆగిపోయింది.

అక్కడ నాలుగు సన్నటి కన్నాలు ఉండాలి. ఎంత ఎత్తులో ఉన్నాం, ఎంత వేగంతో పోతున్నాం అని పైలట్ ముందున్న మీటర్ల ముళ్లకి చెప్పేది ఆ కన్నాల్లోంచి వచ్చే గాలే. అవి మూసుకుపోతే మూడు వేల అడుగులు ఎక్కినా ముల్లు నేల మీదే ఉన్నావంటుంది. సముద్రం మీద మబ్బులో ఆ ముల్లుని నమ్ముకున్నవాడు తిరిగొస్తాడన్న నమ్మకం లేదు.

నాలుగూ లేవు. నున్నగా పూడిపోయి ఉన్నాయి. గోటితో గీకితే తెల్లరంగు కింద జేగురుగా ఏదో అంటుకుంది. వాసన చూశాడు. పడవల చిల్లులకి మెత్తే గుగ్గిలం.

"ఎవడ్రా ఈ పని చేసింది?"

షెడ్డు రేకులు అదిరాయి. నూరు మంది హాజరుకి నిలబడి ఉన్నారు, ఇంజినీర్లు ముందు వరసల్లో, కాంట్రాక్టు పనివాళ్లు చిట్టచివర. ఆ చివరి వరసలోంచి కొర్లయ్య చెయ్యెత్తాడు. మొహం వెలిగిపోతోంది.

"నేనే బాబూ! మొన్న కడుగుతుంటే అవుపడ్డాయి, నాలుగు కన్నాలు. ఇంతమంది ఇంజినీర్లున్నారు, ఒక్కరూ సూడలేదు. నిన్న ఇంటికాడ్నించి గుగ్గిలం తెచ్చి మెత్తేసేను. రంగు కూడా ఏసేను. సుక్క నీరు దూరదింక."

కొర్లయ్య ముప్ఫయ్యేళ్లు సముద్రం మీద చేపలు వేటాడినవాడు. వాళ్లు పడవలు లాక్కునే రేవు ఈ కేంద్రం కంచెలోకి పోయాక, విమానాలు కడిగే పనిలో చేరాడు. వాళ్ల పేటలో ఒక కట్టుబాటు ఉంది. ఒడ్డున ఉన్న పడవకి కన్నం కనిపిస్తే, అది పగవాడి పడవైనా సరే, చూసినవాడు పూడ్చే పోవాలి. అడగక్కర్లేదు, చెప్పక్కర్లేదు. పూడ్చకుండా పోయినవాడికి ఆ ఊళ్లో ఎవరూ నిప్పు కూడా ఇవ్వరు.

కృపాకర్‌కి ఇదంతా తెలుసు. తెలిసీ ఆ క్షణాన గుర్తు రాలేదు. పైలట్ ధనరాజు అప్పటికే హెల్మెట్ పట్టుకుని అక్కడ నిలబడి ఉన్నాడు. ఆ విమానం ఎక్కాల్సినవాణ్ణి చూసేసరికి కొర్లయ్య మీద ఒళ్లు మండిపోయింది.

"బుర్రుందా నీకు? అన్నం తింటున్నావా, గడ్డి తింటున్నావా? నిలువునా మనిషిని చంపేసేవాడివి కదరా!"

కొర్లయ్య ఎత్తిన చెయ్యి మెల్లిగా దిగింది. ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

కబురు విని డైరెక్టరు వెంకటరమణ పరిగెత్తుకొచ్చాడు. "గోకి పారెయ్యండి, పదిన్నరకి ఎగరాలి" అన్నాడు. లోపలి గొట్టాల్లోకి ఎంత పోయిందో తెలీదు, విప్పాలి, రెండు రోజులు పడుతుంది, సంతకం పెట్టనన్నాడు కృపాకర్. పెద్దలు వచ్చారు, కొబ్బరినీళ్లు తాగారు, వెళ్లిపోయారు. షామియానా తాళ్లు విప్పుతుండగానే డైరెక్టరు కృపాకర్‌ని గదిలోకి పిలిచాడు.

"రేవు పోయిందన్న కక్షతో చేసిందే ఇది. వాణ్ణి పోలీసులకి అప్పజెప్తున్నాను. అదే మీ రిపోర్టులోనూ రాయండి."

కృపాకర్ నిర్ఘాంతపోయాడు. "కక్షేటండీ? కక్షున్నవాడు నూరు మందిలో చెయ్యెత్తి నేనే చేశానంటాడా? అవి ఉండాల్సిన కన్నాలని వాడికెవరూ చెప్పలేదు!"

"చెప్పాం కదండీ" అంటూ డైరెక్టరు ఒక రిజిస్టరు తీసి బల్ల మీద తెరిచాడు. జనవరి ఇరవై మూడు. విమానం మీద ఏవి ముట్టుకోకూడదో కాంట్రాక్టు పనివాళ్లకి రెండు గంటల క్లాసు. పద్నాలుగు వేలిముద్రలు. కొర్లయ్యది ఆరోది. కింద, క్లాసు చెప్పినవారు: కృపాకర్.

ఆ క్లాసు జరగలేదు. ఆ వారం ఆడిటర్లు వస్తున్నారని గుమస్తా ఈ రిజిస్టరు పట్టుకుని బస్సు దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. వేలిముద్రలు వేయించేశాను, క్లాసు వచ్చే వారం చెప్పేద్దాం, ముందు సంతకం కానివ్వండి అన్నాడు. స్క్రూ కోసం మూడు రోజులు విమానాన్ని ఆపిన పెద్దమనిషి, ఒక కాలు బస్సు మెట్టు మీద పెట్టి, మోకాలి మీద రిజిస్టరు ఆనించి గిలికేశాడు. వచ్చే వారం రానే లేదు. బకెట్లు మోసేవాళ్లకి క్లాసేమిటిలే అనుకున్నాడు, అంతే. రోజూ ఆ విమానం ఒళ్లంతా తడిమేది వాళ్లే. విమానాన్ని ముట్టుకునేవాళ్లెవరని అతన్ని అడిగుంటే ఆ పద్నాలుగు మందీ లెక్కలోకి వచ్చేవారే కాదు.

"రిజిస్టరు నిజమైతే వాడిది తెలిసి చేసిన ద్రోహం" అన్నాడు డైరెక్టరు, పేపర్‌వెయిట్ తిప్పుతూ. "అబద్ధమైతే తప్పు మీది. ఏది రాస్తారో ఆలోచించుకుని రేపు పొద్దున్న తీసుకురండి."

ఆ సాయంత్రం ఇంట్లో కృపాకర్ అరగంట సేపు డైరెక్టర్ని తిట్టాడు. గుమస్తాని తిట్టాడు. ఆడిటర్లని, ఢిల్లీ వాళ్లని, చివరికి కొబ్బరినీళ్లని కూడా తిట్టాడు. భార్య లూర్దు మేరీ రొయ్యలు ఒలుస్తూ అన్నీ వింది. ఆసుపత్రిలో పాతికేళ్లు నర్సు పని చేసిన మనిషి, అరుపులకి అదిరేది కాదు.

"అందరూ అయిపోయేరా?" అంది. "ఇంక ఆ సంతకం పెట్టినాయన్ని కూడా తిట్టండి, ఇంటాను."

అతనికి ఒళ్లు తెలీని కోపం వచ్చింది. తినకుండా లేచిపోయాడు. ఆ కోపం మీదే కాగితం తీసి ఉన్నది ఉన్నట్టు రాశాడు: క్లాసు జరగలేదు, సంతకం నాదే, కొర్లయ్య తప్పు లేదు.

మర్నాడు డైరెక్టరు అది రెండుసార్లు చదివాడు. "మీ ఉద్యోగం మీరే పీక్కున్నారు. ఈ నెలాఖరు దాకా ఉండండి" అన్నాడు. పోలీసులకి రాసిన కాగితం సొరుగులో పడేశాడు. అది చాలనుకుని కృపాకర్ గేటు దగ్గరికి వెళ్లాడు. గేటు పాసు లాక్కున్నారని కొర్లయ్య కంచె బయటే నిలబడి ఉన్నాడు.

"నీ మీద కేసు లేదు కొర్లయ్యా. తప్పు నాది. రాసిచ్చేశాను" అన్నాడు కృపాకర్, గొంతు తగ్గించి.

కొర్లయ్య కదల్లేదు. "నాకెవులూ సెప్పలేదని నిన్న తమరికి తెల్దా?"

"తెలుసు."

"తెల్సే గడ్డి తింతన్నావా అన్నారు. ముప్పయ్యేళ్లు సముద్రం మీద బతికేను బాబూ, కన్నం సూసి ఒగ్గేసి ఎల్లినోణ్ణి కాను. ఆ మాటకి రాత్రి ముద్ద దిగలేదు నాకు."

"అందుకే కాగితం మీద..."

"కాగితం నేను సదవలేను!" కొర్లయ్య గొంతు లేచింది. గేటు కాపలావాడు తల తిప్పి చూశాడు. "తిట్టడం నూరు మందిలో తిట్టేరు. తప్పు నాదని సెప్పడం గేటుకాడ, సెవిలోనా?"

ఎదుటివాడు తన మీద అరవడం కృపాకర్‌కి అలవాటు లేదు. రక్తం మొహంలోకి ఎక్కింది, నోరు తెరిచాడు. లోపల హాజరు గంట మోగింది. కాపలావాణ్ణి పక్కకి నెట్టి, కొర్లయ్యని షెడ్డులోకి తీసుకెళ్లాడు. కొర్లయ్య తన చివరి వరసలోకి పోయి నిలబడ్డాడు. కృపాకర్ అందరి ముందుకీ వెళ్లాడు. నవ్విన వరస, ధనరాజు, డైరెక్టరు, అందరూ ఉన్నారు.

"జనవరిలో క్లాసు జరగలేదు" అన్నాడు. "జరిగినట్టు సంతకం పెట్టింది నేను. నిన్న కొర్లయ్యని అన్న మాటలన్నీ నాకు తగలాల్సినవి."

అంత గొంతున్న మనిషికి ఆ వేళ మాట సన్నగా వచ్చింది. ముందు వరసలవాళ్లు తలలు దించుకున్నారు. చివర్నించి కొర్లయ్య చెయ్యెత్తాడు.

"ఎనకాలోళ్లకి ఇనబడ్లేదు బాబూ. నిన్న తిట్టినంత గట్టిగా సెప్పండి."