ప్రసంగం మధ్యలో పట్టిన నిద్ర

నడుము నొప్పి మొదలైనప్పటి నుంచి నాకు కంటినిండా నిద్ర లేదు. ఎటు ఒత్తిగిల్లినా నొప్పే లేపేది. అలాంటిది ఒక ఆదివారం నాచారం చర్చిలో, ప్రసంగం మధ్యలో, మా వదిన భుజం మీద ఒరిగి నిద్రపోయాను. కళ్లు తెరిచేసరికి చర్చి ఖాళీ. వదిన మాత్రం కదలకుండా కూర్చుంది.

"నన్ను లేపకపోతివి వదినా!" అన్నాను.

"ఎట్ల లేపుత? పండనియ్యిన్రి అని పాస్టరయ్యనే చెప్పిండు. ఆఖరి పాట గూడ గుసగుసగ పాడినం. నువ్వేమో మస్తు గురక వెట్టినవ్!" అంది.

నాకు నవ్వు ఆగలేదు. లేవబోయిన వదిన, కాలు తిమ్మిరెక్కి మళ్లీ కూలబడింది. ఒకరినొకరు పట్టుకుని తూలుతూ, ఉప్పల్ ఆటో ఎక్కేదాకా నవ్వుతూనే ఉన్నాం. నొప్పి ఎక్కడికీ పోలేదు. అయినా ఆ రోజంతా గాల్లో తేలినట్టే ఉంది.