బుల్లెట్ తగలని వార్డు

1999 జూలై. కార్గిల్ యుద్ధం ముగిసిందని చెప్పిన రోజులు. ఉత్తరాదిన ఒక మిలిటరీ ఆసుపత్రిలో నేను లెఫ్టినెంట్ ర్యాంకు నర్సుని. ఇప్పుడు రాజమండ్రిలో నర్సింగ్ పాఠాలు చెబుతున్నాను. యుద్ధం అయిపోయినప్పుడు మీరెలా పండగ చేసుకున్నారని మా విద్యార్థినులు అడిగితే ఈ సంగతే చెబుతాను.

నాకప్పగించింది ఫ్రాస్ట్‌బైట్ వార్డు. గడ్డకట్టే చలికి రక్తం ఆడక వేళ్లు నల్లబడి చచ్చిపోవడమే ఫ్రాస్ట్‌బైట్. ఎనిమిది మంది జవాన్లు. వాళ్లలో అప్పారావుది తుని అవతల సముద్రం ఒడ్డున చేపల వేట మీద బతికే కుటుంబం. రెండు కాళ్ల వేళ్లూ తీసేశారు. చేతులకు కట్లు. వాళ్లమ్మకు ఉత్తరం నేనే రాసిపెట్టాలి.

"బుల్లెట్ తగిలిందని రాయండి మేడంగారూ" అన్నాడు.

"తగల్లేదుగా?"

"మా ఊళ్లో చలంటే దుప్పటి కప్పుకుంటే పోయేదండి. చలికి కాలివేళ్లు పోయాయంటే ఎవరు నమ్ముతారండీ? జన్మంతా నవ్వుతారు."

అబద్ధం రాయనన్నాను. మొహం గోడకి తిప్పుకున్నాడు. రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.

అంతలో బడాఖానా అన్నారు. అంటే ఆఫీసర్లే జవాన్లకు స్వయంగా వడ్డించే విందు. ఆవరణలో షామియానా వేశారు, బ్యాండు పెట్టారు. బుల్లెట్, షెల్ గాయాలవాళ్లకి ముందు వరస. మావాళ్ల సంగతేంటని మా పై అధికారిణిని అడిగాను.

"పుండ్ల వాసన వస్తుంది. ఆ పూటకి మీ వార్డు తలుపులు వేసి ఉంచండి. భోజనం లోపలికే పంపిస్తాం" అన్నారావిడ.

నాకు ఒళ్లు మండిపోయింది. కానీ వాదించలేదు. వాదిస్తే నోటిమాట కాస్తా ఆర్డరై కాగితమెక్కుతుంది. విందు రోజు పొద్దున్నే అందరికీ డ్రెస్సింగులు మార్చి, వార్డ్‌బాయ్‌లను వెంటేసుకుని, ఎనిమిది మంచాలూ ఒక్కొక్కటిగా బయటికి తోయించాను.

"వద్దండీ, వాళ్ల మధ్య నాకు సిగ్గండీ" అన్నాడు అప్పారావు.

"నీకెందుకయ్యా సిగ్గు? దాచమన్నవాళ్లకి ఉండాలి" అన్నాను.

మమ్మల్ని చూసి బ్యాండువాళ్లు వాయించడం ఆపేశారు. నేను ఆగలేదు. మంచాలన్నీ ముందు వరస పక్కనే పెట్టించాను.

అతిథిగా వచ్చిన జనరల్ జిలేబీల పళ్లెంతో వచ్చి అప్పారావు దగ్గర ఆగారు. "గోలీ ఎక్కడ తగిలింది?" అనడిగారు. గోలీ అంటే బుల్లెట్టే. అబద్ధం చెబుతాడేమో అనుకున్నాను.

"గోలీ కాదు సాబ్, మంచు" అన్నాడు వచ్చీరాని హిందీలో. "మూడు రాత్రులు కొండ మీద పోస్టు వదల్లేదు."

ఆయన కట్లు కట్టిన చేతులు చూసి, జిలేబీ తుంచి తనే అప్పారావు నోట్లో పెట్టారు.

మర్నాడు నన్ను సంజాయిషీ అడిగారు. "యుద్ధం ముగిసింది వాళ్లకీ కాబట్టి" అని ఒక్క ముక్క రాసిచ్చాను. ఆ ఏడాది నా రిపోర్టులో క్రమశిక్షణ తక్కువని రాశారు. రాసుకోమనండి. గాయానికి కట్టు కట్టాలి గానీ మనిషిని కప్పెట్టకూడదని నేను నేర్చుకున్నది అక్కడే.

బడాఖానా అయిన సాయంత్రమే అప్పారావు పిలిచి ఉత్తరం రాద్దామన్నాడు.

"ఏమని రాయను?"

"మంచుకి పోయాయని రాసేయండి మేడంగారూ. నవ్వేవోళ్లుంటే నా దగ్గరికి రమ్మనండి. ఆ కొండ మీద చలెలా ఉంటాదో నేను చెప్తాను."