కీసర అమ్మాయికి కుట్టిన కవచం

2023లో అధిక శ్రావణం వచ్చింది. ఆషాఢంలో ఎటూ ముహూర్తాలుండవు, దాని వెనకే అధికమాసం. వరసగా రెండు నెలలు పెళ్లి మాట లేకపోతే లేడీస్ టైలరు కొట్టు ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు. నందిగామ బస్టాండు వెనక సందులో నా కొట్టు. ఒక కుట్టుమిషను, అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషను ఒకటి, కత్తిరింపులకు ఒక బల్ల. ఆ రోజుల్లో చీరలకు ఫాల్స్ కుట్టడం, బిగుతైన జాకెట్లకు కుట్లు విప్పడం, అంతే పని. పని లేకపోతే విశ్రాంతి కదా అనుకుంటారు గానీ, ఏళ్ల తరబడి వంగిన మెడ ఖాళీగా కూర్చున్నప్పుడే ఎక్కువ లాగుతుంది.

నేను పుట్టింది జగ్గయ్యపేటలో. పని నేర్చుకున్నదీ అక్కడే, మా మేనత్త దగ్గర. పెళ్లయి నందిగామ వచ్చాక సొంతంగా కొట్టు పెట్టుకున్నాను. ఇన్నేళ్లలో తన ఒంటి గురించి ఏదో ఒక సంజాయిషీ చెప్పుకోకుండా కొలతలిచ్చిన ఆడమనిషి నాకు దాదాపు తగల్లేదు. "కాన్పు తర్వాత ఇలా అయిపోయానండి." "థైరాయిడ్ ఉంది లెండి." "వచ్చే నెలకి తగ్గిపోతా, కాస్త టైటుగానే కుట్టండి." టేపు చుట్టిన ప్రతిసారీ ఇవే మాటలు. వినీ వినీ నాకు విసుగు రావడం కూడా ఆగిపోయింది.

అలా ఖాళీగా ఉన్న ఒక మధ్యాహ్నం ప్రత్యూష వచ్చింది. వాళ్లది బెజవాడ దారిలో ఉన్న కీసర. వాళ్ల అమ్మ సామ్రాజ్యం గారు నాకు పాత ఖాతా. ఆవిడ మాట మీదే కీసర నుంచి సగం ఆడవాళ్లు నా దగ్గరికి వచ్చేవారు. ప్రత్యూష నందిగామలో ఒక ప్రైవేటు స్కూల్లో పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. చిన్నప్పటి నుంచీ పుష్టిగా ఉండే పిల్ల. ఎప్పుడొచ్చినా తల్లి వెంట వచ్చేది, తల్లే మాట్లాడేది. "చేతులు మోచేతి దాకా పెట్టు నాగమణీ. ముదురు రంగే వెయ్యి. కాస్త సన్నగా అగపడాలి." నేను కొలతలు తీస్తున్నంతసేపూ ఆ పిల్ల గోడ వైపు చూస్తూ నిలబడేది.

ఆ రోజు మాత్రం ఒక్కతే వచ్చింది. ఫోను నా ముందు పెట్టింది.

"ఆంటీ, ఇది కుట్టగలరా?"

ఫోనులో ఒక యుద్ధం చేసే ఆడమనిషి బొమ్మ. ఛాతీకి కవచం, భుజాలకు రేకులు, నడుముకి వెడల్పాటి పటకా, మోకాళ్ల దాకా పట్టీలు పట్టీలుగా వేలాడే తోలు, చేతిలో కత్తి. మనిషి నల్లగా, దిట్టంగా ఉంది. మెడ, జబ్బలు, పొట్ట, అన్నీ నిండుగా ఉన్నాయి.

"సినిమాలోదా?" అన్నాను.

"వీడియోగేమ్ ఆంటీ. ఈమె నేనే."

నాకు అర్థం కాలేదు. స్టూలు లాక్కుని కూర్చుని వివరంగా చెప్పింది. కొన్ని ఆటల్లో మొదలుపెట్టే ముందు మన తరఫున ఆడే మనిషిని మనమే తయారుచేసుకోవాలట. తెర మీద ఒక గీత, దాని మీద ఒక గుండీ ఉంటాయి. దాన్ని స్లైడర్ అంటారు. ఒక గుండీ జరిపితే ముక్కు మారుతుంది, ఇంకోటి జరిపితే భుజం వెడల్పవుతుంది, మరోటి జరిపితే ఒళ్లు వస్తుంది. రంగు, జుట్టు, మచ్చ, అన్నీ మనిష్టం.

"అన్నీ నీ చేతిలో ఉంటే మరి ఇలా ఎందుకు పెట్టుకున్నావే?" నోరు జారి అనేశాను.

ఆ పిల్ల నొచ్చుకోలేదు. "మొదట్లో నేనూ సన్నటి మనిషినే పెట్టుకునేదాన్ని ఆంటీ. దెబ్బ తగిలితే ఎవరికో తగిలినట్టుండేది. గెలిచినా ఎవరో గెలిచినట్టే ఉండేది. ఒకరోజు ఒళ్లు గుండీని చివరిదాకా జరిపేసా. అప్పట్నించీ నేనే ఆడుతున్నా."

బెజవాడలో ఒక కాలేజీలో పోటీ పెడుతున్నారట. ఆటల్లోని మనుషుల్లా వేషం వేసుకుని స్టేజీ మీద నడవాలి. దానికి ఈ కవచం కావాలి.

"ఒక్కటే ఆంటీ. సన్నగా కనపడేలా కుట్టొద్దు. ఇలాగే కనపడాలి."

ఆ మాట నా కొట్టులో అంతకుముందు ఎవరూ అనలేదు.

పనిలోకి దిగాక తెలిసింది, ఆ బొమ్మ బట్టలు కుట్టేవి కావని. వాటికి కుట్లుండవు, హుక్కులుండవు, ఎక్కడి నుంచి తొడుక్కోవాలో తెలియదు. పైగా ఫొటో పెద్దది చేసి చూస్తే పటకా పొట్టలోకి దిగిపోయి ఉంది, భుజం రేకు జబ్బలోంచి పొడుచుకొచ్చింది. ఇదేమిటని అడిగాను.

"దాన్ని క్లిప్పింగ్ అంటారు. వాళ్లు సన్నటి బొమ్మకి ఒకే ఒక డ్రెస్సు తయారుచేసి, ఒళ్లు పెంచినప్పుడు దాన్నే సాగదీస్తారు ఆంటీ. పెద్ద ఒంటికని విడిగా ఎవరూ చెయ్యరు."

అది నాకు వెంటనే బోధపడింది. మా పనిలోనూ ఉంది ఆ జబ్బు. సన్నటివాళ్ల జాకెట్టు కటింగు తీసుకుని, రెండు పక్కలా నాలుగు అంగుళాలు కలిపేసి పెద్ద సైజు అనేస్తారు. ఒళ్లు పక్కలకే పెరగదు కదా. భుజం జారుతుంది, చంక లాగుతుంది, మెడ ఎత్తుకొస్తుంది. అప్పుడు తప్పు కటింగుది అని ఎవరూ అనుకోరు, ఒంటిదే అనుకుంటారు.

అందుకని ఆమె ఒంటికే కొత్తగా కటింగు తీశాను. పాత పేపర్లు అతికించి ఆమె మీదే కత్తిరించాను. గుడ్డ అయితే డార్టు వేస్తాం. అంటే ఛాతీ గుండ్రానికి తగ్గట్టు గుడ్డను మడిచి కుట్టడం. ఇది దళసరి ఫోమ్ షీటు, మడత పడదు. మడత పడాల్సిన చోట కోణంగా కోసేసి, అంచుకు అంచు కలిపి జిగురుతో అతికించాను. పైన తొడిగే రెక్సిన్ నా మిషను మీద నడవలేదు, సూదులు విరిగాయి. ఆటోలకు సీటు కవర్లు కుట్టే సుభానీ గారి దగ్గరికి పట్టుకెళ్లాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "ఏ బండికమ్మా ఇది?" అన్నాడు. చాలా రోజుల తర్వాత నవ్వాను.

మధ్యలో మున్నేరు పొంగి హైవే మీదికి నీళ్లు వచ్చాయి. కీసర వైపు రాకపోకలు ఆగిపోయి ట్రయల్ వెనకబడింది. నీళ్లు తీశాక వచ్చి తొడుక్కుంది. నిలబడితే అచ్చు బొమ్మలాగే ఉంది. కత్తి ఎత్తమన్నాను. చెయ్యి లేవగానే కవచం మొత్తం లేచి గడ్డానికి కొట్టుకుంది. ఆటలో అలా జరగదట. ఊపిరి తీసే మనిషికి జరుగుతుంది. విప్పేసి ఛాతీ, భుజాలు, వీపు వేరువేరు ముక్కలు చేసి, మధ్యలో వెడల్పు ఎలాస్టిక్ వేసి, వెనక నాడాలతో బిగించేలా మళ్లీ కుట్టాను. మెడ నరం పట్టేసి రెండు రోజులు తల తిప్పలేకపోయాను. ఎందుకు ఒప్పుకున్నానా అని తిట్టుకున్నాను కూడా.

అధికమాసం ఆఖరికి వరలక్ష్మీవ్రతం జాకెట్ల హడావుడి మొదలైంది. అప్పుడు వచ్చారు సామ్రాజ్యం గారు, చేతిలో జాకెట్టు గుడ్డల సంచితో. నా వెనక గోడ కొయ్యకి కవచం వేలాడుతోంది. మొదట "నాటకాలోళ్లదా నాగమణీ?" అని నవ్వారు. దగ్గరికెళ్లి చూశారు. చేత్తో ఆ ఛాతీ ముక్కని తడిమారు. నవ్వు పోయింది.

"ఇది మా ప్రత్యూషది కదూ?"

ఎవరూ చెప్పలేదు ఆవిడకి. ఆకారం చూసే కూతుర్ని గుర్తుపట్టారు. నేను అబద్ధం ఆడలేకపోయాను. పోటీ సంగతి చెప్పాను.

"నలుగుర్లో నవ్వులపాలవుద్ది. నీకన్నా తెలియక్కర్లా?"

"వేషం బావుంటే ఎందుకు నవ్వుతారు వదినగారూ?"

"స్టేజీలెక్కే ఒళ్లా అది?" అనేసి ఆవిడే ఆగిపోయారు. గొంతు తగ్గించి అన్నారు. "దానికి పదమూడేళ్లప్పుడు, మా వాళ్ల పెళ్లిలో ఎవరో నానా మాటలూ అన్నారు. వారం రోజులు సరిగా అన్నం తినలా. అప్పట్నించీ ఎక్కడికెళ్లినా నేను ముందు నడిచి దాన్ని నా వెనక పెట్టుకుంటున్నా. నా కడుపులో ఏముందో నీకేం తెలుసు? దాన్ని ఇవ్వమాక. పాడైపోయిందని చెప్పు."

ఆవిడ చెడ్డది కాదు. అదే నాకు కష్టమైంది. చెడ్డ మనిషైతే జవాబు చెప్పడం తేలిక. ఆ క్షణంలో అలసట ఒంట్లోంచి వచ్చిందో మనసులోంచి వచ్చిందో తెలియదు గానీ, బల్ల పట్టుకుని నిలబడి అన్నాను.

"ఎవరి కొలతకి కుట్టానో వాళ్లకే ఇస్తా వదినగారూ. మీరు ఆపదల్చుకుంటే ఇంట్లో ఆపండి. పాడైందని నేను చెప్పలేను."

ఆవిడ సంచి తీసుకుని వెళ్లిపోయారు. ఆ వ్రతానికి కీసర జాకెట్లు నా దగ్గరికి రాలేదు.

ఇంట్లో ఏం గొడవైందో ప్రత్యూష చెప్పలేదు. పోటీ రోజు పొద్దున ఖాళీ గోతాంతో కొట్టుకి వచ్చి, "నాడాలు వెనకున్నాయి ఆంటీ, నాకు అందవు. మీరొస్తారా?" అని మాత్రం అడిగింది. కొట్టు మూసి బయల్దేరాను. ఆ గోతాం మిరపకాయలు నింపినది. దులిపినా ఘాటు పోలేదు. బస్సులో మాతోపాటు ముందు సీటువాళ్లు కూడా తుమ్మారు.

అక్కడ పిల్లలంతా ఆన్‌లైన్‌లో కొన్న డ్రెస్సులు, రంగురంగుల విగ్గులు పెట్టుకుని ఉన్నారు. దాదాపు అందరూ సన్నటివాళ్లే. నేను నాడాలు బిగిస్తుంటే పక్కన ఒక కుర్రాడు స్నేహితుడితో, మాకు వినపడేలాగే, "బాస్ క్యారెక్టరా?" అన్నాడు. బాస్ అంటే ఆటలో అందరూ కలిసి చంపాల్సిన భూతం లాంటిదని తర్వాత తెలిసింది. నా చేతి కింద ఆమె వీపు బిగుసుకుంది. తిరిగి చూడకుండానే, "కాదు, హీరో," అంది.

స్టేజీ ఎక్కింది. నేను ముఖం చూడలేదు, చంక దగ్గరే చూస్తున్నాను. కత్తి పైకెత్తింది. కవచం కదల్లేదు. రెండో చేత్తోనూ ఎత్తింది. అప్పుడూ కదల్లేదు. ఊపిరి వదిలాను.

జడ్జీల్లో ఒకాయన మైకు తీసుకున్నాడు. "మీ క్యారెక్టర్ పేరేంటండి?"

"ప్రత్యూష."

"మీ పేరు కాదు. క్యారెక్టర్ పేరు."

"అదేనండి. ఆటలో నేను తయారుచేసుకున్న మనిషి."

"అంటే ఒరిజినల్ ఆటలో లేదన్నమాట."

"నా ఆటలో ఉందండి."

కొందరు నవ్వారు, కొందరు చప్పట్లు కొట్టారు. రెండూ ఒకేసారి వినిపించాయి. బహుమతి రాలేదు. అందరికీ తెలిసిన క్యారెక్టర్ అయితేనే మార్కులట. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, "భుజం ఎక్కడా నొప్పి పెట్టలా ఆంటీ," అంది. ఆ వెంటనే నిద్రపోయింది.

తర్వాత ఎవరో వీడియో పెట్టారు. దాని కింద రాసిన కామెంట్లు ప్రత్యూష నాకు ఒకటి రెండు చదివి వినిపించి, ఫోను పక్కన పెట్టేసింది. ఏడ్చిందా అంటే నా ముందు ఏడవలేదు. సోమవారం ఎప్పటిలాగే స్కూలుకి వెళ్లింది. ఏడో తరగతి పిల్లలు ఆ కత్తి తెచ్చి చూపించమని ప్రాణం తీశారట. ఇప్పటికీ అదే స్కూల్లో పనిచేస్తోంది, అదే ఆట ఆడుతోంది. తల్లి చాలా రోజులు ముభావంగా ఉందని, వీడియో మాత్రం ఎవరి ఫోనులోనో రెండుసార్లు పెట్టించుకుని చూసిందని చెప్పింది.

మరుసటి ఏడు ఎండాకాలం పోయాక సామ్రాజ్యం గారు నా కొట్టుకి వచ్చారు. పాత సంగతి ఎత్తలేదు. జాకెట్టు ఒకటి బల్ల మీద పడేసి, "ఆవిడెవరో కుట్టింది చంకలో పట్టేస్తోంది నాగమణీ, ఎన్నిసార్లు విప్పినా అంతే," అన్నారు. విప్పి చూశాను. సన్నటి కటింగుకే పక్కలు కలిపింది. "ఇది విప్పితే రాదు వదినగారూ, మీకు కొత్తగా తియ్యాలి," అన్నాను. ఆవిడ పమిట సర్దుకుని చేతులు కొంచెం ఎత్తి నిలబడ్డారు. ఎప్పటిలా వయసు మీద పడిందనో, మోకాళ్ల నొప్పులతో నడవలేకపోతున్నాననో అంటారనుకున్నాను. ఈసారి ఏ సంజాయిషీ రాలేదు.

ఆ కవచం పని నాకు నేర్పింది పెద్ద విషయమేం కాదు. ఇప్పటికీ నా దగ్గరికొచ్చేవాళ్లు సన్నగా కనపడేలా కుట్టమనే అంటారు, నేను కుడుతూనే ఉన్నాను. మెడ నొప్పీ తగ్గలేదు. కాకపోతే తల్లీ కూతురూ కలిసి వచ్చినప్పుడు, తల్లి అంతా చెప్పడం అయ్యాక, "నీకెలా కావాలమ్మా?" అని ఆ పిల్లని అడుగుతున్నాను. చాలామందికి వెంటనే జవాబు రాదు. తల్లి వంక చూస్తారు, నేల వంక చూస్తారు. అంతసేపూ టేపు మెడలో వేసుకుని ఊరుకుంటాను. ఆ పిల్ల నోరు విప్పేదాకా కొలత మొదలుపెట్టను.