రేడియోలో ఆయన పేరు

ఇంగ్లండులోని స్విండన్‌లో రాజేశ్వరమ్మకు తెలియని వీధి లేదు. ఆమె నోట ఎవరూ వినని పేరు మాత్రం ఒకటుంది, అది ఆమె భర్తది. ఏళ్ల తరబడి బడి క్యాంటీన్‌లో వడ్డించి, ఇంగ్లీషు సగం ఆ పిల్లల దగ్గరే నేర్చుకున్న మనిషి. అయినా సర్జరీలో, అంటే అక్కడి డాక్టరు క్లినిక్కులో, రిసెప్షన్ అమ్మాయి "మీ ఆయన పేరు?" అంటే ఆయన బస్ పాస్ తీసి చూపించేది. పెళ్లినాడు ఆడపడుచులు గడపకు అడ్డం నిలబడి చెప్పించిన ఆ ఒక్కసారి తప్ప ఎన్నడూ పలికింది లేదు. ఇదంతా మన చాదస్తమేనని తీసిపారేయనక్కరలేదు. చైనాలో చక్రవర్తి పేరులోని అక్షరాన్ని మహా పండితులు సైతం రాయకుండా తప్పించుకు తిరిగేవారట. గౌరవం ఒక్కో దేశంలో ఒక్కో దారి తొక్కుతుంది.

భర్త బాబూరావు పోయిన మరుసటేడు, 2012లో, వాలంటీర్లు నడిపే ఊరి రేడియో నుంచి ఆమెకు పిలుపు వచ్చింది. గురువారం పొద్దున ఊరి చరిత్ర, మంచిచెడ్డలు మాట్లాడుకునే కార్యక్రమం వస్తుంది. ఈసారి ముచ్చట రోడ్ల గురించి. సర్జరీ రోడ్డుకు అవతలికి మారాక, ముసలివాళ్లు కార్ల మధ్య అవస్థపడుతుంటే చూడలేక బాబూరావు ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించాడు. కౌన్సిల్ మీటింగులకు వెళ్లి, సందు దొరికినప్పుడల్లా లేచి అడిగాడు. చివరికి జీబ్రా క్రాసింగ్ వచ్చింది. ఎవరి పుణ్యమో ఇప్పుడు దాటేవాళ్లకు తెలియదు. ఆయన పేరు ఒక్కసారైనా ఊరి చెవిన పడాలని రాజేశ్వరమ్మ ఆశ. పడవలసింది తన నోటినుంచే అయితే ఎలాగన్నది ఆమె బెంగ.

కూతురి కూతురు అపూర్వ కారులో తీసుకువెళ్లింది.

"ఇట్స్ జస్ట్ ఎ నేమ్, అమ్మమ్మా."

"నీకు జస్టే. మీ తాతయ్యని పేరుపెట్టి ఎప్పుడు పిలిచాను గనక?"

"దెన్ వాట్ డిడ్ యూ కాల్ హిమ్?"

"ఏమండీ అనేదాన్ని."

"దట్స్ బేసికల్లీ ఎక్స్‌క్యూజ్ మీ."

"అవునే. కాపురమంతా ఎక్స్‌క్యూజ్ చేస్తూనే వచ్చాను."

అపూర్వ పకపకా నవ్వింది. పేరు ముందే ప్రెజెంటర్‌కి పంపేశాననీ, ఆవిడే చదువుతుందనీ చెప్పింది. రాజేశ్వరమ్మ ప్రాణం కుదుటపడింది.

ప్రెజెంటర్ హెలెన్ మర్యాద తెలిసిన మనిషి. ఆ మర్యాదే కొంపముంచింది. మైకు తెరుచుకున్నాక, "ఈ క్రాసింగ్ వెనక ఒక పెద్దాయన ఉన్నారు. ఆయన పేరు నేను పలికితే పాడుచేస్తాను. మిసెస్ రావ్, మీ నోటే సరిగ్గా విందాం" అంది.

స్టూడియో అద్దం అవతల అపూర్వ తల పట్టుకుంది. రాజేశ్వరమ్మ నోరు తెరిచింది. పేరు గొంతుదాకా వచ్చి ఆగిపోయింది. ఎదురుగా మనుషులుంటే మౌనాన్ని ఒక నవ్వుతో దాటేయవచ్చు, రేడియోలో ఆ వసతి లేదు.

"పొడుగ్గా ఉండేవారండీ" అంది చివరికి. "వానైనా ఎండైనా ఆకుపచ్చ ఉన్నిటోపీ తీసేవారు కాదు. ఏ తలుపు తట్టినా ముందు వాళ్ల మోకాళ్ల నొప్పులు అడిగి, తర్వాతే సంతకం అడిగేవారు."

"వారి పేరు…" అని హెలెన్ అందించబోయింది.

"మాలో భార్య భర్త పేరు పలకదండీ. మీ మాట కాదనడం కాదు, నాకు నోరు రావడం లేదు. నా మూలాన ఆయన పేరే లేకుండా పోతుందేమోనని భయంగా ఉంది."

హెలెన్ చేతిలో కాగితం ఉంది. అందులో పేరూ ఉంది. ఆవిడ దాన్ని బోర్లించి పెట్టింది. "వినేవాళ్లలో ఆయన్ని ఎరిగినవారుంటే ఫోన్ చేయండి" అని నంబరు చెప్పింది.

ఒక పాట వేశారు. పాట సగంలోనే ఫోన్ మోగింది. ఎవరో ఆవిడ, టోపీ గుర్తుందట, తన తల్లిచేత సంతకం పెట్టించారట. పేరు మాత్రం నోరు తిరగదంది.  ఆ వెనకే మరో గొంతు, బొంగురుగా.

"నేను బస్సు నడిపేవాణ్ణి. ఓసారి రావ్ అని పిలిస్తే, సగమే అన్నావు, మిగతా సగానికీ టికెట్ కొన్నాను అన్నాడు. బాబూరావు. సరిగ్గానే అన్నానా, మిసెస్?"

"సరిగ్గానే అన్నారండీ" అంది రాజేశ్వరమ్మ. కొంగుతో కళ్లు ఒత్తుకుని, కుర్చీలో వెనక్కి వాలింది. "ఆయనే."

బయటికొచ్చాక ఆమె కారెక్కలేదు.

"ముందు ఎక్కడైనా టీ తాగుదాం పదవే. గొంతు ఎండిపోయింది."

"బట్ యూ డిడ్‌న్ట్ ఈవెన్ సే ఇట్."

"చెప్పినవాళ్లకేం, హాయి. చెప్పకుండా కూర్చున్నదాని గొంతే ఎండుతుంది."